దానయ్య వైపు

ఆగస్టు 7, గురువారం

అప్పన్న ఇవాళ అయిదోసారి. (ఇక్కడ అప్పన్న అనే రాస్తాను. అసలు పేరు ఈ పేజీకి కూడా అక్కర్లేదు.) ఎప్పటిలాగే కుర్చీ అంచున కూర్చున్నాడు, ఏ క్షణాన్నయినా లేచి పోయేలా. బోటు తిరగబడి పది నెలలు కావస్తోంది. అతని బామ్మర్ది దానయ్య పోయాడు, ఇతను ఒడ్డుకు చేరాడు. అప్పటినుంచి చేపల వేటకు వెళ్లలేదు. గుండె పట్టేస్తోందని ఆసుపత్రికి వెళితే గుండె బాగానే ఉందని కౌన్సెలింగ్‌కి నా దగ్గరికి పంపారు. నాలుగు వారాలుగా గాలి గురించి, చేపల గురించి, కూతురి ఇంటర్ చదువు గురించి మాట్లాడాడు. దానయ్య పేరు రాలేదు.

ఇవాళ ఫోను తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఒక మాట సెప్తానమ్మా, ఏటీ అనుకోకండి. మీ కాడికి వచ్చే ముందు దీనికి సెప్పీసి వస్తన్నాను."

ఏఐ. కూతురు పెట్టి ఇచ్చిందట. మాట్లాడితే తెలుగులోనే బదులిస్తుంది.

"ఏం చెప్తారు?"

"అన్నీను."

నాకు చెప్పనివన్నీ.

ఆగస్టు 8

దోసెలు పోస్తూ గమనించాను. కోపంగా ఉంది నాకు. ఫోను మీద. యాభై రెండేళ్ల మనిషిని, ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని... పెనం మీద దోసె మాడింది.

ఆగస్టు 11

నా దగ్గరికి వచ్చే డిగ్రీ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్. "మేడమ్, ఇక రాను. యాప్‌లో మాట్లాడుతున్నాను, బాగానే ఉంది. మీకు చాలా థాంక్స్." మంచిదమ్మా అని పంపాను. ఆ పిల్లకి బాగుంటే మంచిదే. నిజంగా అనుకుంటున్నానా? — సగం.

ఆగస్టు 14, గురువారం

అప్పన్న దాని గొంతు వినిపించాడు. తియ్యటి ఆడగొంతు, పుస్తకాల తెలుగు. "మీరు చాలా బరువు మోస్తున్నారు. ఆ పరిస్థితిలో ఎవరైనా అలాగే చేసేవారు. అది మీ తప్పు కాదు."

వింటుంటే నాకే సిగ్గేసింది. ఈ మాటలు నేనూ అన్నవే. ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే, ఎంతమందితోనో. ఇంచుమించు ఇదే గొంతుతో.

"ఎన్నిసార్లు చెప్పారు దానికి?"

"లెక్క నేదండి. పొద్దుట ఒకపాలి, పొద్దుగూకీతలికి ఒకపాలి. ఒలల ఎనకాల కూకొని. ఎన్నిపాల్లు సెప్పినా ఇసుక్కోదు. ఒక్కపాలి కూడా తిట్టనేదండి."

"అది తిట్టాలని ఉందా మీకు?"

తల దించుకున్నాడు. కింద వీధిలో అరసవల్లి ఆటోవాడు ఎవరినో పిలుస్తూనే ఉన్నాడు. "ఏమో," అన్నాడు.

ఎన్నిసార్లు చెప్పినా తీరని మాట. ఎందుకు తీరలేదో దాన్ని అడగలేడు. నన్ను అడగడానికి వస్తున్నాడా?

ఆగస్టు 21, గురువారం

చెప్పాడు.

ఒడ్డు కనిపిస్తూనే ఉందట. కెరటం బోటును తిరగేసింది. ఇద్దరికీ కలిపి ఒకటే ఖాళీ డీజిల్ డబ్బా. దానయ్య కాలికి వల చుట్టుకుంది. రెండు చేతులతో అప్పన్న మెడ పట్టుకున్నాడు. డబ్బా ఇద్దరినీ తేల్చలేకపోయింది, మునుగుతూ లేస్తూ.

"ఆడి ఏళ్లు ఊడదీసేనమ్మా. ఒక్కోటీ."

చెయ్యి ఎత్తి చూపించాడు. ఎడమ చెయ్యి తన మెడ మీద పెట్టుకొని, కుడి చేత్తో దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి.

"ఊరందరికీ కెరటం లాక్కుపోనాదని సెప్పేను. నా పెల్లం పోలమ్మకీ అదే సెప్పేను. ఆడు దాని తమ్ముడండి. అదే పెంచినాది."

అప్పుడు నా వైపు చూశాడు. నేను ఏం చేశానో నాకు తెలీదు.

"మీ మొకం మారిపోనాది."

"అప్పన్న గారూ..."

"నేదమ్మా, మారిపోనాది. నాను సూసేను."

లేచి వెళ్లిపోయాడు. ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఆగస్టు 22

నిజం రాయాలి, ఇక్కడైనా.

అసహ్యం కాదు. భయమూ కాదు. అతను వేళ్లు విడదీసి చూపిస్తున్నప్పుడు నాకు కనిపించినవి దానయ్య వేళ్లు. ఒక్క క్షణం నేను అప్పన్న పక్కన లేను. నీళ్లలో ఉన్నవాడి పక్కన ఉన్నాను. అదే నా ముఖంలో కనిపించి ఉంటుంది.

పది నెలలు ఎవరికీ చెప్పనిది చెప్పాడు. నేను అతని పక్కన లేను.

ఆగస్టు 28, గురువారం

రాలేదు. పదకొండు నుంచి పన్నెండుకి పది తక్కువ దాకా గదిలోనే కూర్చున్నాను. ఎదురుగా కుర్చీ.

ఆగస్టు 30

చేశాను ఆ పని. నా ఫోన్లో అప్పన్న వాడే యాప్ వేసుకొని, పేర్లూ ఊరూ సంగతీ ఏమీ లేకుండా టైప్ చేశాను — ఒక మనిషి తన ఘోరమైన రహస్యం చెప్పాడు, నా ముఖం మారింది, అతను వెళ్లిపోయాడు.

మంచి జవాబే. ఎగతాళి చేద్దామని మొదలుపెట్టాను గానీ చెయ్యలేకపోయాను. వైద్యులూ మనుషులేనంది. ఆ మార్పు నాకేం చెబుతోందో చూసుకోమంది. నా మీద నేను దయ చూపించుకోవాలంది. చదువుతుంటే ఛాతీలో బిగువు నిజంగానే సడలింది. మంచినీళ్లు తాగినట్టుంది. అప్పన్న రోజుకు రెండుసార్లు ఎందుకు చెప్పుకుంటాడో అర్థమైంది.

గంట తర్వాత బిగువు మళ్లీ వచ్చింది. నేను నొప్పించింది దాన్ని కాదు కదా.

సెప్టెంబరు 4, గురువారం

రాలేదు.

సెప్టెంబరు 6

విజయనగరం వెళ్లాను, మేష్టారి దగ్గరికి. నాకు ఈ పని నేర్పినవారు. డెబ్బై దాటినా నెలకోసారి నా కేసులు వింటారు. రైల్లో చీపురుపల్లి దాకా నా వాదన సిద్ధం చేసుకున్నాను. అక్కడ ఒక కుటుంబం ఆవకాయ జాడీతో ఎక్కి నా కాళ్ల దగ్గర సర్దుకుంది. వాదన మర్చిపోయాను.

అంతా విన్నారు. వక్కపలుకు నములుతూ.

"అయితే ఏటంటావు? మొకం మారకుండా ఉండాల్సిందా?"

"అవునండీ."

"మొకం మారనిది ఆయన జేబులోనే ఉంది కదమ్మా. నీ కాడికెందుకొచ్చేడు?"

వక్కపలుకుల డబ్బా నా వైపు జరిపారు.

"మరి ఆయనతో మాటాడేవా?"

"ఆయన రాలేదు కదండీ. వెంటపడకూడదని మీరే..."

"అది నువ్వు తప్పు సేయనప్పుడు. కబురు పెట్టు. సంజాయిషీ వద్దు. ఉన్నావని సెప్పు, సాలు."

సెప్టెంబరు 8

ఫోన్ చేశాను. ఎత్తాడు. సముద్రం హోరు.

"అప్పన్న గారూ, నేను. గురువారం పదకొండింటికి గదిలో ఉంటాను. మీరు రాకపోయినా ఉంటాను."

హోరు. తర్వాత — "ఊఁ."

సెప్టెంబరు 11, గురువారం

వచ్చాడు. ఇరవై నిమిషాలు ఆలస్యంగా. గెడ్డం మాసింది. కూర్చోలేదు, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ముందు నేనే మాట్లాడాను. ఇన్నేళ్లలో ఇంత భయపడుతూ ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఆవేళ నా ముఖం మారింది. మీరు చూసింది నిజమే. మీరు చెప్తుంటే ఒక్క క్షణం నాకు దానయ్య గుర్తొచ్చాడు. అతని వైపు ఉండిపోయాను. మీరు అంత కష్టపడి చెప్తున్నప్పుడు మిమ్మల్ని ఒంటరిగా వదిలేశాను. అందుకు బాధగా ఉంది నాకు."

ఇటు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండును.

"ఆడి వైపా?"

"అవును."

గోడకి ఆనుకొని అలాగే కిందికి జారి నేల మీద కూలబడ్డాడు. పెద్ద మనిషి, ఎండకి నల్లబడ్డ భుజాలు. ఏడుపు ముందు దగ్గులా మొదలైంది.

"పది నెల్లయినాదమ్మా. ఆడి వైపు ఒక్కరూ నేరు. ఊరోల్లు నన్నే పాపం అంతారు. పోలమ్మ నాకే అన్నం పెడతాది. ఆ ఫోనూ నా వైపే. ఎంత సెప్పినా నా వైపే. ఆడేమో అక్కడ... ఒక్కడే."

నేనూ కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాను. ఎంత దూరంలో కూర్చోవాలో తెలియలేదు. గజం దూరంలో.

"దానయ్య గురించి చెప్పండి," అన్నాను.

చెప్పాడు. పది నెలల్లో మొదటిసారి — చావు గురించి కాదు, మనిషి గురించి. టీలో నాలుగు చెంచాల పంచదార. ఈల వేస్తే కుక్కలు తప్ప ఎవరూ వినలేరు. శ్రీముఖలింగం జాతరలో తప్పిపోయి, పోలీసుల దగ్గర కూర్చుని జంతికలు తింటూ దొరికాడు. అప్పుడు వాడికి పందొమ్మిదేళ్లు. అది చెప్తూ నవ్వాడు. నేనూ నవ్వాను. టైమ్ అయిపోయిందని పావుగంట తర్వాత చూసుకున్నాను.

సెప్టెంబరు 16, మంగళవారం

పోలమ్మ వచ్చింది. చెప్పకుండా, ఒక్కతే. చేపల బుట్ట కింద మెట్ల దగ్గర పెట్టి.

"అప్పన్న పెల్లాన్నండి."

ఇక్కడ ఆయన చెప్పింది మీకు చెప్పలేనమ్మా, అన్నాను వెంటనే.

"నాకు సెప్పక్కర్నేదు. నాకు తెలుసును."

ఆమెకి కుర్చీ జరిపాను.

వలల వెనక అతను ఫోనుతో మాట్లాడుతుంటే విందట. ఎండు చేపలు తిరగెయ్యడానికి వెళ్లి. చైత్రంలో. అంటే ఆరు నెలలు కావస్తోంది.

"ఆయాల్టి నుంచి సూస్తన్నాను, నాకెప్పుడు సెప్తాడాని. అన్నం పెడతన్నాను, సూస్తన్నాను. పక్కలేసి దుప్పటి కప్పుతన్నాను, సూస్తన్నాను. యంత్రానికి సెప్పేడు. మీకూ సెప్పే ఉంతాడు. నా తమ్ముడండి ఆడు. నాకు సెప్పడా?"

కళ్లలో నీళ్లు లేవు. చీర కొంగు వేలికి చుడుతూ విప్పుతూ.

"మీరే అడగొచ్చు కదమ్మా."

"అడిగితే సెప్తాడు. అడక్కుండా సెప్పాల."

వెళ్లేముందు — తనకు తెలుసని అతనికి చెప్పొద్దంది. మీరు వచ్చారని మాత్రం దాచలేను, అన్నాను. ఆలోచించింది. "వచ్చేనని సెప్పండి. ఏటి తెలుసునో సెప్పకండి."

ఇప్పుడు ఇద్దరి మాటా నా దగ్గరుంది. ఇద్దరికీ మధ్య గోడలా నేనున్నాను. మొదటి మాటలోనే ఆపి ఉండాల్సింది. ఆపలేకపోయాను.

సెప్టెంబరు 18, గురువారం

"పోలమ్మ గారు వచ్చారు మంగళవారం," అన్నాను.

రంగు మారింది అతని ముఖం. ఈసారి చూసింది నేను.

"ఏటన్నాది?"

"ఆమెనే అడగాలి మీరు."

 ఫోను తీసి ఒకటి చదివి వినిపించాడు. భార్యకి ఎలా చెప్పాలని అడిగితే రాసిచ్చిందట. చక్కటి ఉత్తరం. ఎక్కడా తప్పు పట్టలేం. "నా హృదయాంతరాళంలో" దగ్గర ఆగిపోయాడు.

"ఇది నా మాట కాదమ్మా. ఇలగ మాటాడితే అది నవ్వుతాది. నేదంటే సంపుతాది."

"మీ మాటల్లో ఎలా అంటారు?"

నోరు తెరిచాడు. "పోలమ్మా, ఆయాల..." ఆగాడు. మళ్లీ — "పోలమ్మా, ఆయాల..." ఆ రెండు మాటలే. నాలుగుసార్లు.

సెప్టెంబరు 25, గురువారం

"పోలమ్మని ఇక్కడికి తెస్తానమ్మా. ఇంటికాడైతే నాను పారిపోతాను. ఇక్కడ మీరు తలుపు కాడ కూకోండి."

మేష్టారికి ఫోన్ చేశాను. "బాగుపడొచ్చు, ఇరిగిపోవచ్చు. నువ్వు ఏదీ ఆపలేవు," అన్నారు.

అక్టోబరు 7

ఎల్లుండి ఇద్దరూ వస్తున్నారు. పరీక్షకి వెళ్లే పిల్లలా ఉన్నాను.

అక్టోబరు 9, గురువారం

ఇద్దరూ వచ్చారు. ఆమె గోడవైపు కుర్చీలో. అతను ఎదురుగా, ఇవాళ అంచున కాదు.

"పోలమ్మా, ఆయాల..."

ఈసారి ఆగలేదు. డబ్బా. వల. మెడ. వేళ్లు. చెయ్యి ఎత్తి చూపించలేదు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని చెప్పాడు. ఆమె అతన్నే చూస్తోంది, రెప్ప వేయకుండా. ఇదివరకే తెలిసిన మాటే ఆమెకి. అయినా ఒక్కో మాటా కొత్తగా వచ్చి తగులుతున్నట్టు భుజాలు కదిలాయి.

అయిపోయింది.  నేను నోరు తెరవకుండా ఉండటానికి పళ్లు బిగబట్టాను.

అప్పుడు ఆమె అడిగింది. నేను అడగనిది. ఆ ఫోనూ అడిగి ఉండదు.

"ఆకర్న ఆడేటన్నాడు?"

అప్పన్న ఒళ్లో చేతుల వంక చూశాడు.

"నిన్నే. ఆడేటన్నాడు?"

"బావా అన్నాడు."

"ఒక్కపాలేనా?"

"రెండుపాల్లు."

లేచింది. కొంగు నోట్లో కుక్కుకుంది. తలుపు తీసుకొని బయటికి వెళ్లింది. నేను తలుపు దగ్గర కూర్చుంది అతను పారిపోకుండా. ఆమె వెళ్తుందనుకోలేదు.

"వస్తాదంతారా?" అన్నాడు.

"తెలీదు," అన్నాను. నిజంగా తెలీదు.

ఒక నిమిషం కూర్చున్నాడు. రెండు నిమిషాలు. లేచి వెళ్లాడు.

ఇది ఇప్పుడే రాస్తున్నాను. పన్నెండు దాటింది. ఇద్దరూ మెట్ల మీదే ఉన్నారు. ఆమె మూడో మెట్టు మీద కూర్చుంది, అతను అయిదారు మెట్లు పైన, నిలబడే. ఇక్కణ్నుంచి వీపులే కనిపిస్తున్నాయి. ఆమె ఏదో అంటోంది. వినిపించడం లేదు. తిడుతోందో, తమ్ముణ్ని తలచుకుంటోందో... గొంతు లేస్తోంది, తగ్గుతోంది. అతను ఒక మెట్టు దిగాడు. ఆమె చెయ్యి వెనక్కి చాపింది — ఆగమనా, రమ్మనా?

ఆగిపోయాడు.

పన్నెండున్నరకి వచ్చేవాళ్లు కింద చెప్పులు విడుస్తున్నారు. వాళ్లు పైకి రావడానికి ఈ ఇద్దరినీ దారి అడగాలి. అడగాలని లేదు.