తమ్ముడి పేరు, నా రాత

మార్చి 3
తమ్ముడి ఫాలోవర్లు ఇవాళ తొమ్మిది లక్షలు దాటారు. కెప్టెన్‌కి రెండు లక్షల చిల్లర. ఫుట్‌బాల్ జట్టులో మిగతా అందరివీ కలిపినా వీడి దరిదాపులకు రావు. ఈ సీజన్‌లో వీడు ఆడింది నాలుగే మ్యాచ్‌లు. మిగతావన్నీ బెంచ్ మీదే. జనానికి ఇంత అభిమానం ఎందుకో నాకు అంతుపట్టడం లేదు. ఆ పోస్టులు రాసేది నేనే అయినా.

మార్చి 4, మధ్యాహ్నం
ఇక్కడైనా నిజం రాసుకోవాలి. ఫోనంటే వాడికి చిరాకు. రెండేళ్ల క్రితం పాస్‌వర్డ్ చెప్పేసి, నువ్వే చూసుకో అక్కా అన్నాడు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా పని. మెషిన్ తిరుగుతున్నంతసేపూ ఏదో ఒక వాక్యం తడుతుంది, ఫోన్లో నోట్స్‌లో రాసిపెట్టుకుంటాను. ఓడిపోయిన రోజు బూట్ల లేసు విప్పడం ఎంత కష్టమో రాశాను. జనం ఏడ్చారు. నేను జన్మలో బంతి తన్నలేదు.

మార్చి 9
కెప్టెన్ మోకాలికి ఆపరేషన్. తమ్ముడి పేరుతో రాశాను: అన్నా, నువ్వు లేకపోతే తలెత్తి ఎవరి వైపు చూడాలి?

మార్చి 12
తమ్ముడు నేరుగా షాపుకే వచ్చాడు. నిన్న జట్టంతా హాస్పిటల్‌కి వెళ్లిందట. నువ్వు రాసింది పదిసార్లు చదివానురా అని కెప్టెన్ వీడి చెయ్యి పట్టుకుని వదల్లేదట. తనేం రాశాడో వీడికి తెలీదు. తల ఊపి వచ్చాడు.

ఏడాదిగా వాళ్లిద్దరికీ మాటల్లేవని నాకు ఇవాళే తెలిసింది. వీడు ఒళ్లు వంచడని కోచ్‌కి చెప్పి బెంచ్ ఎక్కించింది ఆ కెప్టెనేనట. ఆయన ముందు నన్ను ఇంకెవరినో చేసి నిలబెట్టావక్కా అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. పోస్ట్ తీసేయనా అన్నాను. తీసేస్తే ఆయన ఏమనుకుంటాడు అన్నాడు.

వెళ్తూ వెళ్తూ పాస్‌వర్డ్ మార్చేశాడు.

మార్చి 13
రెండు అద్దాలు పాడుచేశాను.

మార్చి 20
తమ్ముడు రోజూ హాస్పిటల్‌కి వెళ్తున్నాడని అమ్మ చెప్పింది. ఏం మాట్లాడుకుంటారురా అంటే, ఏమీ లేదు, పక్కన కూర్చుని టీవీలో మ్యాచ్ చూస్తాం అన్నాడట. కోపం పోయిందా అంటే పోలేదన్నాడట. మరి ఎందుకు వెళ్తున్నావంటే తెలీదన్నాడట.

నాకూ తెలీదు. లేనిది నేను రాశానా? ఉన్నదే రాశానా?

మార్చి 22
వాడే పోస్ట్ పెట్టాడు. ఇన్నాళ్లూ రాసింది మా అక్క, నాకు రాయడం రాదు, అన్న మోకాలు వంగుతోంది, అంతే.

మార్చి 23
ఎవరూ నమ్మలేదు. ఎప్పటిలాగే గుండె పిండేశావంటున్నారు. ఫాలోవర్లు ఇంకా పెరిగారు. కెప్టెన్ మాత్రం కామెంటేమీ పెట్టలేదు. రేపు వచ్చేటప్పుడు చార్జర్ తెమ్మని వీడికి మెసేజ్ పంపాడట.

మార్చి 24
మొన్నటి పోస్టూ నువ్వే రాశావా అని అమ్మ అడిగింది. కాదన్నాను. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి, నా ఫోన్లో నోట్స్ అన్నీ వెతికాను.