గురుగ్రహం కూర్చున్న సోఫా

అమ్మా,

ఉప్పు డబ్బా కింద ఈసారి పాల సంగతి కాదు, పెద్ద ఉత్తరమే పెడుతున్నాను. పడుకునే ముందు చదువు.

నిన్న క్లాసులో గురుగ్రహం గురించి చెప్పారు. అది సూర్యుడి చుట్టూ తిరిగే దారిలోనే రెండు రాళ్ళ గుంపులు కూడా తిరుగుతాయట. ఒకటి దానికి బాగా ముందు, ఒకటి అంతే వెనక. దారి ఒకటే, అయినా ఆ రెండు గుంపులూ కలవవు. సూర్యుడూ గురుగ్రహమూ కలిసి వాటిని ఎక్కడివక్కడ పట్టి ఉంచుతాయి. ‘కక్ష్య’ అని రాసుకుంటూ, ఆ మాట నోట్లో ఎంత గుండ్రంగా తిరుగుతోందో అని మురిసిపోతున్నాను. ఇంతలో మన సోఫా గుర్తొచ్చింది.

నాన్న మధ్యలో కూలబడితే మనిద్దరం చెరో మూలకి ఒదిగిపోయేవాళ్ళం. “ఆ చివరా ఈ చివరా ఎవరైనా బతికున్నారా?” అనేవాడు. “మీరు లేస్తే చెప్తాం” అనేదానివి నువ్వు. నాన్న పోయి ఏడాది కావొస్తోంది. నీ సెలవు రోజున కూడా మనం ఆ మూలల్లోనే కూర్చుంటాం. మధ్యలో నాన్న బరువుకి పడ్డ గుంట.

మిగతా రోజుల్లో అదీ లేదు. నువ్వు తాళం తీసేసరికి నేను కాలేజీలో, నేను తీసేసరికి నువ్వు బేకరీలో. ఒకే మంచం, ఒకే దిండు. దిండులో ముఖం పెడితే కాలిన బ్రెడ్డు వాసన. నాకు అమ్మంటే ఇప్పుడు ఆ వాసనే.

మొన్న మీ బేకరీ మేస్త్రీ కనిపించి, “మీ అమ్మ బతిమాలి మరీ రాత్రి పని తీసుకుందమ్మా, గట్టి మనిషి!” అన్నాడు. మెచ్చుకోలే, కానీ బతిమాలి మరీ రాత్రులే ఎందుకమ్మా? అందరూ నాది నాన్న పోలికే అంటారు. నన్ను చూడలేకే కదా? అందుకే సోమవారం హాస్టల్లో చేరుతున్నాను. పేరు కూడా ఇచ్చేశాను.

గురుగ్రహమే లేకపోతే ఆ రాళ్ళేమవుతాయని లెక్చరర్ని అడిగాను. మెల్లగా చెదిరి దారంతా పరుచుకుంటాయన్నారు. మనకీ చెదరడమే మిగిలినట్టుంది.

వెనక గుంపులో రాయి,
నీ పిడుగు

* * *

ఒసేయ్ పిడుగూ,

రాళ్ళు సగమే అర్థమయ్యాయి. హాస్టల్ మాత్రం పూర్తిగా అర్థమైంది.

నీ మొహం చూడలేక రాత్రి పనికి పోతానా? మీ నాన్న గురక లేని రాత్రి నాకు నిద్ర పట్టదే. ఇన్నేళ్ళూ ఆ గురకని తిట్టిపోశాను. పగలైతే కింద బస్సుల మోత ఉంటుంది, అది వింటూ కళ్ళు మూసుకుంటాను. చెబితే నవ్వుతావని చెప్పలేదు. నవ్వినా బాగుండేది.

పట్టి ఉంచేది లేక దారంతా పరుచుకున్న రాళ్ళు ఎక్కడో ఒకచోట పక్కపక్కకి రావా? మీ లెక్చరర్ని ఇదీ అడుగు.

మేస్త్రీని పగటి పని అడిగాను. “రాత్రిళ్ళు నిద్ర పట్టదన్నావుగా, మరి?” అన్నాడు. “మా పిల్లది వాళ్ళ నాన్న పోలికే, గురక కూడా వచ్చే ఉంటుందిలే” అన్నాను.

సోమవారం నేరుగా ఇంటికి రా. సోఫాలో మూలకి పోయి బిగుసుకోకు. ఆ గుంట అంత లోతుంది కదా, కాస్త ఒళ్ళు వదిలేస్తే ఇద్దరం జారి మధ్యకే వస్తాం.

ముందు గుంపులో రాయి,
అమ్మ