హైమ మానేసిన వ్యాయామం

బావగారికి,

మా చెల్లి హైమ మంచం దిగలేకపోతోందని మీరు రాసిన ఉత్తరం అందింది. నడుం పట్టు వదలాలంటే రోజూ పెద్ద గాలిబంతి మీద వెల్లకిలా వాలి ఒళ్ళు సాగదీయాలని డాక్టరు చెబితే, "రాజుల ఆడవాళ్ళు హాల్లో దొర్లడమేంటండీ?" అన్నది మీరు కాదా? రొయ్యల చెరువులకి కొత్త మిషన్లు తెచ్చిన ఇంట్లో ఇంకా ఘోషానా? అయినా హైమ ఆర్నెల్లపాటు మానలేదు.

మానిపించింది నేను. పోయిన నెల పాలకొల్లులో స్త్రీ స్వేచ్ఛ మీద గంటసేపు మాట్లాడి, సంఘం మిత్రులతో మీ ఇంటికొచ్చాను. అది హాల్లో బంతి మీద వాలి ఉంది.

"లోపలికెళ్ళమ్మా, మగాళ్ళొస్తున్నారు" అన్నాను.

"సభలో ఇదే చెప్పారా అన్నయ్యా?" అంది.

ఆ రోజు నుంచి బంతి ముట్టుకోలేదని మీరే రాశారు. మీ మాట అది లెక్కచేయలేదు బావగారూ. నా మాట వింది.

మీ బావమరిది