పన్నెండో లాకు తూము

గ్నోసాల్ వంతెన పక్కన,
1977 మార్చి 14, సోమవారం

నా బంగారు అమ్మకి,

నువ్వు పెట్టిన పరీక్ష మొదలైంది. "ఒక్క వారం అతనితో పడవలో ఉండి చూడు, ఆ తర్వాత నువ్వు వద్దంటే నేను పెళ్లి మాటే ఎత్తను" అన్నావు. "ఫోనులో చెప్పకు, ఫోనులో నువ్వు నటిస్తావు, రాసి పంపు" అని కూడా అన్నావు. అందుకే రాస్తున్నాను. నిజానికి ఒక్కరోజే గడిచింది కానీ నాకు ఏడాది అయినట్టుంది. ఎందుకంటే మా వేగం గంటకి మూడు మైళ్లు. గట్టు మీద ఒక ముసలాయన కుక్కని తీసుకుని నడుస్తూ మమ్మల్ని దాటిపోయాడమ్మా. కుక్క మధ్యలో రెండు చెట్ల దగ్గర ఆగింది కూడా. అయినా మేమే వెనకపడ్డాం.

నీ పెళ్లికొడుకు సిరిల్ ఆట్కిన్ గారు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడని నువ్వు గొప్పగా చెప్పావు. నిన్ను ఎవరో మోసం చేశారు, అతను రిటైరవ్వలేదు. చెంచాతో టీ ఆకు తీసి, పైన లేచిన గుట్టని కత్తితో గీసి చదును చేసి, అప్పుడు పాత్రలో వేస్తాడు. అతని టోపీ గురించి రాద్దామని నా నోటుబుక్కులో సరైన మాట కోసం గంటసేపు వెతికాను. దొరకలేదు. తడిసిన పిల్లిని తల మీద ఆరేసుకున్నట్టుందని మాత్రం చెప్పగలను.

ఈ కాలవ మీద పడవలకి ఎంత మంచి పేర్లో! రాణుల పేర్లు, హంసల పేర్లు, నక్షత్రాల పేర్లు. మన పడవ పేరు డన్నాక్. పొదల కింద మట్టిలో గెంతే మట్టిరంగు పిట్ట. అది పాడినా ఎవరూ తల తిప్పి చూడరు.

"ఈ పేరు ఎందుకు పెట్టారు?" అని అడిగాను.

"పెట్టలేదు. కొన్నప్పుడే ఉంది" అన్నాడు.

అంతే. అక్కడితో ఆ సంభాషణ చచ్చిపోయింది. దాని శవం పక్కనే కూర్చుని ఇద్దరం బఠాణీ సూపు తాగాం.

చలికాలం మరమ్మతులకి మూసిన లాకుల్ని శనివారమే తెరిచారు. బుద్ధున్నవాళ్లంతా ఈస్టరు దాకా ఇంట్లో వెచ్చగా ఉంటారు. మేము మాత్రం ముందే బయల్దేరాం. ముళ్లపొదల మీద ఆకు ఒక్కటీ లేదు, తెల్లపూలు మాత్రం విరగబూశాయి. పొద్దున చూస్తే పడవ కప్పు మీద మంచు గడ్డకట్టింది. తాడు విప్పబోతే కర్రలా నిలబడింది. ఈ మాట నాన్నకి చెబితే ఎలా నవ్వేవాడో! ఆ తాడుకి ఒక పేరు పెట్టి, దాని చేత నాలుగు మాటలు మాట్లాడించేవాడు. నీ పెళ్లికొడుకు మాత్రం దాని మీద కెటిల్లోని వేడినీళ్లు పోశాడు.

నీ
రోవెనా


ఆడ్లెమ్, పన్నెండో లాకు కింద,
మార్చి 16, బుధవారం మధ్యాహ్నం

అమ్మా, నా అమాయకపు అమ్మా,

తీర్పు రాసే ముందు సాక్ష్యాలు చెబుతాను. మూడు రోజులుగా బఠాణీ సూపే. నిన్న నేను "ఇవాళ కూడానా?" అంటే, "ఇవాళ వేరే, ఇవాళ మిరియాలు వేశాను" అన్నాడు. అతని ముఖంలో కించిత్తు గర్వం కూడా కనిపించింది.

ఇక లాకులు. ఆడ్లెమ్ కొండవాలులో పదిహేను లాకులున్నాయి, మెట్లలాగా ఒకదాని కింద ఒకటి. అతను పడవని లాకులోకి పెడతాడు. గట్టు మీద పని నాది. ఇనప హ్యాండిల్‌తో కింది తూము ఎత్తితే నీళ్లు దిగిపోతాయి, పడవ కూడా నీళ్లతో పాటు దిగుతుంది. తలుపులు తెరిచి, పడవని బయటికి పంపి, తలుపులు మూసి, తూము దించెయ్యాలి. ఇందులో మహారహస్యమేమీ లేదు. కానీ ఈ మనిషి ప్రతి లాకు దగ్గరా, ప్రతి ఒక్క లాకు దగ్గరా, చుక్కాని పట్టుకుని అదే పాట.

"దింపావా అమ్మాయ్?"

"దింపాను."

"చూశావా?"

"చూశాను."

"రెండుసార్లు చూడాలి. ఒకసారి కళ్లతో, ఒకసారి చేత్తో."

కళ్లతో చూడాలట, చేత్తో కూడా చూడాలట. చెప్పులు విప్పి కాలితో కూడా చూడమంటాడేమో! పదకొండో లాకు దాకా భరించాను. పన్నెండో లాకు దగ్గరికి వచ్చేసరికి వాన మొదలైంది. హ్యాండిల్ తిప్పాను, అది కిర్రుమంటూ కొంచెం తిరిగి బిగుసుకుంది. వదిలేసి పడవలోకి దూకాను. "దింపావా?" అన్నాడు. దింపానన్నాను. "చూశావా?" అన్నాడు. చూశానన్నాను. అసలు చూడలేదమ్మా. చూడకుండా చూశానని చెప్పడంలో ఎంత హాయి ఉందో! మూడు రోజుల్లో అదొక్కటే నాకు దొరికిన స్వేచ్ఛ.

నా తీర్పు ఇదీ. వద్దు. ఇతన్ని చేసుకోకు. చెడ్డవాడని కాదు. చెడ్డవాడైతే చెప్పుకోడానికైనా ఏదో ఒకటి ఉండేది. ఇతను కొలిచి పోసిన మనిషి. నాన్నతో పదిహేడేళ్లు బతికినదానివి. నాన్న వంటింట్లోకి వస్తే స్పూన్లు కూడా నవ్వేవి. అలాంటి మనిషి కుర్చీకి ఈ తడి పిల్లి టోపీ వేలాడుతుంటే నేను చూడలేను.

పొద్దున టీ తాగుతూ ఈ మాట అతని ముఖం మీదే చెప్పేశాను. "ఇవాళ అమ్మకి రాస్తున్నాను, వద్దని రాస్తున్నాను" అన్నాను. ఏమన్నాడో తెలుసా? "సరే. నీకు అనిపించింది నువ్వు రాయాలి" అన్నాడు. తర్వాత, "టీ ఇంకొంచెం పొయ్యనా?" అన్నాడు. నిన్ను పోగొట్టుకోబోతూ టీ పొయ్యనా అన్నాడమ్మా! బతిమాలలేదు, కోప్పడలేదు. ఇదా నువ్వు కోరుకున్న ప్రేమ?

వాన ధారగా కురుస్తోంది. ఊళ్లో పోస్టు డబ్బా దాకా బురదలో పావుగంట నడవాలి. నేనెందుకు తడవాలి? ఈ ఉత్తరం అంటించి అతని చేతికే ఇస్తున్నాను. దారిలో కాలవలో పడేస్తే పడెయ్యనీ. అప్పుడు అతనిలో కూడా కాస్త నెత్తురుందని ఒప్పుకుంటాను.

నీ మేలు కోరే
రోవెనా


అక్కడే, పన్నెండో లాకు కింద,
మార్చి 17, గురువారం సాయంత్రం

అమ్మా,

బుధవారం ఉత్తరం నీకు ఈపాటికి అంది ఉంటుంది. దాన్ని చింపకు, ఇది చదివాక పక్కనే పెట్టుకో. చీదరించుకోవడంలో నాకు మంచి ప్రతిభ ఉందని నీకు తెలుసు. ఇవాళ దాన్ని నా మీదే వాడుకోవలసి వచ్చింది.

పొద్దున ఏడింటికి ఎవరో పడవ కప్పు మీద దబదబ బాదారు. తలుపు తీస్తే గట్టు మీద ముగ్గురు. ముందున్న గడ్డమాయన అరుస్తున్నాడు.

"నిన్న చివర దిగింది మీ పడవేనా? ఆ తూము వదిలేసిన గాడిద ఎవరు? పైకొచ్చి చూడండి, మా పడవలు ఎలా పడుకున్నాయో!"

పైకెక్కి చూశాను. పదకొండో లాకుకీ పన్నెండో లాకుకీ మధ్య నిన్న నిండుగా ఉన్న నీళ్లు లేవు. నల్లటి బురద, అందులో ఒక సైకిల్ చక్రం, ఒక పాత బూటు. అక్కడ కట్టిన మూడు పడవలూ పక్కకి ఒరిగి బురదలో కూరుకుపోయి ఉన్నాయి. కింది తూము జానెడు ఎత్తున తెరిచే ఉంది. పై తలుపులు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. అక్కడ కారినదంతా ఇక్కడి నుంచి పోయింది, తెల్లార్లూ.

మూడో పడవలో మిసెస్ టిబ్బెట్ అనే డెబ్బై ఏళ్లావిడ ఒక్కతే ఉంటుంది. డ్రెస్సింగ్ గౌను మీద కోటేసుకుని నిలబడింది. "నేనూ, నా పిల్లీ, నా టీ కెటిలూ, ముగ్గురం జారి ఒకే గోడకి తగులుకున్నాం" అంది. "పిల్లి నాతో మాట్లాడటం మానేసింది. మా అమ్మ ఇచ్చిన నీలం పళ్లెం మాత్రం పగిలిపోయింది."

నాకు ఏం తోచిందో తెలుసా? నాన్న ఉంటే బావుండునని. నాన్న టోపీ తీసి వంగి దణ్ణం పెట్టి, పిల్లి మీద ఒక జోకు వేసి, ఆ గడ్డమాయన్ని కూడా నవ్వించి, ఐదు నిమిషాల్లో పడవ ఎక్కించి నన్ను తీసుకుపోయేవాడు. వెనకాల ఆ మూడు పడవలూ బురదలోనే ఉండేవి. ఈ చివరి మాట కూడా అప్పుడే తోచింది, నేను రప్పించుకోకుండానే.

సిరిల్ గారు టోపీ తియ్యలేదు. "చివర దిగింది మా పడవే. తూము వదిలింది మేమే" అన్నారు. నా పేరు చెప్పలేదు, నన్ను వెనకేసుకునీ రాలేదు. నా వైపు చూడనైనా లేదు. ఊరికే ఆగారు. గుమ్మం దగ్గర తలుపు పట్టుకుని నిలబడేవాళ్లు ఆగినట్టు.

"నేనే వదిలేశాను. దింపానని అబద్ధం చెప్పాను" అన్నాను.

"కాలేజీలో చదువుతున్నావా?" అంది మిసెస్ టిబ్బెట్.

"అవును."

"అక్కడ తలుపు వెయ్యడం నేర్పరా తల్లీ?"

ఆ తర్వాత మూడు గంటల పని. కింది తూము దించేసి, పదకొండో లాకుకి ఎక్కి, పై తూమూ కింది తూమూ కొద్దికొద్దిగా ఎత్తి పై నీళ్లని కిందికి వదలాలి. ఎక్కువ వదిలితే పైన మడుగు ఎండిపోతుంది, అప్పుడు పదో లాకుకి పరిగెత్తాలి. సిరిల్ గారు పైనుంచి వేళ్లు చూపిస్తుంటే, తూము చక్రానికి రెండు పళ్లు, మూడు పళ్లు చొప్పున లెక్కపెట్టి హ్యాండిల్ తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్యలో ఆయన సూపు తెచ్చారు. బఠాణీదే. చాలా ఘోరంగా ఉంది, అంతా తాగేశాను. పడవలు ఒక్కొక్కటే మూలిగి లేచి తేలాక, మిసెస్ టిబ్బెట్ పొయ్యి పక్కన కిందపడిన మసి అంతా మోకాళ్ల మీద కూర్చుని తుడిచాను. పళ్లెం ముక్కలు ఏరి ఇచ్చాను. "ఇంకోసారి చూశానంటే చూసి చెప్పు" అని ఒక బిస్కెట్ పెట్టింది.

మధ్యాహ్నం పడవకి తిరిగొచ్చాక సిరిల్ గారిని అడిగాను. కాలవలో పడేశాననో, మరిచిపోయాననో అంటారని ఎంత ఆశపడ్డానో!

"నిన్న నేనిచ్చిన ఉత్తరం... పోస్టు చేశారా?"

"చేశాను. నువ్వు ఇచ్చావు కదా."

"లోపల ఏముందో మీకు తెలుసు కదా!"

"టీ తాగేటప్పుడు చెప్పావుగా."

"మరి ఎలా వేశారు?"

ఆయనకి నా ప్రశ్న అర్థం కాలేదు, అమ్మా. నిజంగా అర్థం కాలేదు. నేను వేళ గురించి అడుగుతున్నాననుకున్నారు. "ఐదున్నరకి డబ్బా తీస్తారు. ఐదూ పదికి వేశాను. తడిసి మూతి దగ్గర అంటుకుపోతుందేమోనని చెయ్యి పెట్టి చూశాను. లోపలికి పడింది" అన్నారు.

చెయ్యి పెట్టి చూశారట.

ఇప్పుడు నీకొక సంగతి చెప్పాలి. నాలుగేళ్లుగా దాచాను. నాకు పద్నాలుగేళ్లప్పుడు జిల్లా వ్యాసాల పోటీకి నెల రోజులు కూర్చుని రాసింది గుర్తుందా? నాన్న చేతికిచ్చాను. ఆ సాయంత్రమే "వేసేశాను రాణీ! డబ్బాకి ముద్దు కూడా పెట్టాను" అన్నాడు. వేసవంతా గేటు దగ్గర కూర్చుని పోస్టుమాన్ కోసం చూశాను. ఒక్క ముక్కా రాలేదు. నా రాతే బాగాలేదనుకున్నాను. నాన్న పోయాక, నువ్వు ఆయన బట్టలు ఇచ్చెయ్యమన్నప్పుడు, గోధుమరంగు కోటు లోపలి జేబులో దొరికింది. నా కవరు. స్టాంపు అంటించి ఉంది. అంచులు అరిగిపోయాయి, ఏడాది పాటు ఆయన గుండె మీదే తిరిగింది పాపం. నేను దాన్ని పొయ్యిలో వేసేశాను, నీకు తెలియకూడదని. నాన్న ఎంత సరదా మనిషో చెప్పడానికి ఇన్నాళ్లూ నేను వాడిన మాటలన్నీ ఆ కవరు మీద కప్పిన దుప్పట్లే. నిన్న వానలో "చూశాను" అన్నప్పుడు నా గొంతు ఎవరి గొంతో నాకు ఇవాళే తెలిసింది. ఎంత తియ్యగా అన్నానో!

నువ్వు పదిహేడేళ్లు ఎన్ని "వేసేశాను"లు విన్నావో నేనెప్పుడూ అడగలేదు.

నా తీర్పు మారింది. చేసుకో. ఆయన ముద్దొస్తున్నారని కాదు. ఆ టోపీ అలాగే ఉంది, పెళ్లికి దాన్ని రానిస్తే నేను రాను. సూపు విషయంలో నీకు నా సానుభూతి. నీతో వెన్నెల గురించి ఒక్క మాట మాట్లాడతారని ఆశ పెట్టుకోకు. కానీ ఆయన దింపానంటే, దింపినట్టే.

మళ్లీ వాన మొదలైంది. కావాలంటే నేనే వెళ్లి వేసి రావచ్చు, బొబ్బలున్నది చేతులకే కానీ కాళ్లకి కాదు. అయినా దీన్ని కూడా అంటించి ఆయన చేతికే ఇస్తున్నాను. లోపల ఏముందో చెప్పలేదు. ఆయన అడగలేదు. ఐదు కావస్తోందని చూసి, బూట్లు వేసుకుంటున్నారు.

నీ కూతురు
రోవెనా