వాగు ఒడ్డున వయొలెట్లు

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ ఆయనా, పిల్లలూ కులాసాగానే ఉన్నారు. నేనూ అంతే అని రాయబోయి ఆగాను. పిన్ని కర్ర సాయం లేకుండా నడుస్తోందని చదివి ప్రాణం కుదుటపడింది. తొందరపడి మెట్లెక్కుతుందేమో, ఓ కంట కనిపెట్టి ఉండు.

నేను పంపిన ఊదాపూల వయొలెట్ మొక్కకు ఆకులన్నీ రాలిపోయాయని బెంగపడ్డావు. అది చావలేదమ్మా. చలికి పైనంతా ఎండి, కింద వేరు నిద్రపోతుంది. పీకి చూడకు. కుండీని ఇంట్లోకి తేకు, ఆ చలి దానికి కావాలి. చలి తగ్గాక చిగురేస్తుంది. అప్పుడు పొద్దుటెండ మాత్రమే తగిలే చోట పెట్టి, కుళ్ళిన ఆకుల ఎరువు గుప్పెడు వేసి, మట్టి తడారకుండా చూసుకో. పూలయిపోయాక మొక్క మొదలు దగ్గర విచ్చుకోని మొగ్గలు కనిపిస్తాయి. పాడైనవనుకుని గిల్లెయ్యకు, గింజ కట్టేది ఎక్కువగా వాటిల్లోనే. కాయ తల పైకెత్తగానే కోసి పొట్లంలో పెట్టు. ఆలస్యం చేశావో, టప్పున పగిలి గింజలు పిన్ని మంచం దాకా ఎగురుతాయి! చలికాలం మొదట్లో వాటిని కుండీలో చల్లి బయటే వదిలెయ్.

ఇక రెండో ప్రశ్న. తమ్ముడితో ఎందుకు మాట్లాడటం లేదని అడిగావు. ఫోన్‌లో నీ గొంతు వింటే మెత్తబడిపోతానని ఉత్తరమే రాస్తున్నాను.

ఎండాకాలంలో కొత్త హోటల్‌కి గులాబీలు దింపడానికి నర్సరీ వ్యాన్‌లో నేనే వెళ్ళాను. గుమ్మం ముందు మండే ఎండలో వయొలెట్లు వరసగా తలలు వాల్చేసి ఉన్నాయి. మొదళ్ళ చుట్టూ ఎర్రమట్టి ముద్దలు. మన నర్సరీలో వాడేది నల్లమట్టి; ఎర్రమట్టి వాగు ఒడ్డుదే.

"మీ తమ్ముడిచ్చినవేనండీ. మీరే గింజ నుంచి పెంచారటగా!" అని మేనేజర్ మురిసిపోయాడు.

అక్కణ్ణుంచి నేరుగా వాగు దాటి, పాత ఇటుకబట్టీ వెనక్కి వెళ్ళాను. ఒడ్డంతా గోతులు. అక్కడ వాటంతటవే పెరిగే వయొలెట్లలో ఒక్క మొక్క లేదు.

సాయంత్రం తమ్ముణ్ణి నిలదీశాను.

"ఊరికే పడున్నవేగా అక్కా! ఏళ్ళ తరబడి బతికే మొక్కలు, మళ్ళీ వస్తాయిలే."

"వేరంటూ మిగిలితేగా రావడానికి?"

"గింజ నుంచి పెంచేదాకా హోటల్ వాడు ఆగుతాడా?"

"నా పేరు చెప్పి అమ్మావు కదరా!"

మర్నాడే వాణ్ణి నర్సరీకి రావద్దన్నాను. మేనేజర్‌ని బతిమాలి, కొనప్రాణంతో ఉన్న మొక్కలు తవ్వుకొచ్చి ఒడ్డున మళ్ళీ నాటాను. చాలావరకు పోయాయి. కొన్ని మాత్రం చలి రాకముందే కొత్త ఆకు తొడిగాయి.

ఇంతవరకే రాసి మడిచేద్దామనుకున్నాను. చేతకాలేదు.

ఆ చోటు నాకు చూపించింది నువ్వు, నా పెళ్ళికి ముందు. "మనుషుల కంట పడితే మిగలవు, ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నావు. ఆయనకు కూడా చెప్పలేదమ్మా నేను. ఒకసారి బురద కాళ్ళతో ఇంటికొస్తే ఎక్కడికెళ్ళావని అడిగారు. కట్టుకున్న మనిషితో అబద్ధమాడాను, నీ మాట కోసం.

ఆ సాయంత్రమే దారెవరు చెప్పారని తమ్ముణ్ణి అడిగాను. తల వంచుకున్నాడు. "అమ్మే. బేరం పోతుందని ఏడిస్తే చెప్పింది" అన్నాడు. చెంప ఛెళ్ళుమనిపించాను. కానీ బట్టీ కూలిన గోడ పక్కనుంచి దిగాలని కూడా వాడు చెప్పాడు. ఆ సంగతి మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు?

వాడు తవ్వుకుపోయాడంటే ఒళ్ళు మండింది. నువ్వు చెప్పావంటే కోపం కూడా రావడం లేదు.

వాడు కల్పించాడా, నిజమేనా, ఒక్క ముక్క రాయి. కల్పించి ఉంటే వాడి మొహం చూడను. నిజమైతే వాడితో మాట్లాడతాను. నీతో ఎలా మాట్లాడాలో మాత్రం నువ్వే చెప్పాలి.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి