కడిగిన ఇల్లు

సహాయ కేంద్రం ఆఫీసరు గారికి నమస్కారం.

వరద తీశాక మా వీధిలో నష్టం చూడమని మీరు పంపిన మనిషి మా గుమ్మం దాకా వచ్చి, "ఇల్లు అద్దంలా ఉంది, మీకేం పోయిందమ్మా" అనేసి వెళ్లిపోయాడు. పక్కింటివాళ్లు బురద ముట్టుకోలేదు. వాళ్లకి సాయం అందింది. అందనివ్వండి, వాళ్లదీ నిజమైన నష్టమే.

మా అత్తగారికి ఉబ్బసం. ఆ కంపులో ఆవిణ్ణి పడుకోబెట్టలేక ఇంటిల్లిపాదీ నడుములు పడిపోయేలా బురద ఎత్తిపోశాం. పైగా, ఎవరైనా వస్తున్నారంటే ఇల్లు కడిగి పెట్టడమే మాకు తెలుసు. ఆయన కోసం కుర్చీ కూడా తుడిచి ఉంచాను. ఆ పక్కనే నా కుట్టుమిషను ఉంది. చూడ్డానికి తళతళలాడుతోంది గానీ చక్రం తిరగదు. అది తిరిగితేనే మా పొయ్యి వెలుగుతుంది. ఆయన లోపలికొచ్చి దాని మీద చెయ్యి వేసి చూస్తే తెలిసేది.

దయచేసి ఇంకోసారి ఎవరినైనా పంపండి. కాకపోతే ముందురోజే కబురు పెట్టించండి. ఎత్తిపోసిన బురద పెరట్లోనే ఉంది. అత్తగారిని చుట్టాలింట్లో దింపి వచ్చి, దాన్ని మళ్లీ ఇంట్లోకి మోసి పరిచి ఉంచుతాను.

ఇట్లు,
వీధి చివర శుభ్రంగా ఉన్న ఇంటావిడ