ఇంజన్ గదిలో నువ్వు దాచిన డబ్బా

ఖాసిం,

నువ్వు పోయి ఏడాదైంది. గుట్టల నడుమ మన పాత గని కాలనీని ఇవాళ పేల్చేస్తారని తెలిసి, మీ చెల్లెలు ఫాతిమాతో కలిసి వెళ్లాను. జనం వదిలేసిన ఆ ఇళ్లలో ఒకరం డబ్బా దాస్తే మరొకరం వెతికేవాళ్లం కదా. నువ్వు చివరిసారి దాచింది నాకు దొరకనేలేదు.

"గోడలకు మందు వెట్టినం. లోపలికి పోవద్దు," అని మేస్త్రి అరిచాడు. అతను అటు తిరగగానే, ఫాతిమాకు కూడా చెప్పకుండా ఇంజన్ గదిలోకి దూరాను. బాయిలర్ వెనక నీ డబ్బా దొరికింది. అందులో నీ ఇత్తడి విజిల్ ఉంది. దాన్ని తీసుకుని లేచేసరికి పాత గోడ రాళ్లు జారి ద్వారం మూసుకుపోయింది. బయట ట్రాక్టర్లను దూరం జరుపుతున్నారు. ఆ మోతలో నా అరుపులు ఎవరికీ వినపడలేదు.

విజిల్ ఊదాను. మట్టి అడ్డుపడి గాలి మాత్రమే వచ్చింది. దులిపి, ఊపిరంతా పెట్టి మళ్లీ ఊదాను.

ఆ కూత విని ఫాతిమా ఉరికి వెళ్లి మేస్త్రి చెయ్యి పట్టుకుందట. రాళ్లు తీసి నన్ను బయటికి లాగుతూ, "జరైతే నిప్పు వెడుతుంటి గదనయ్యా!" అన్నాడతను.

ఫాతిమా నా చేతిలోని విజిల్ తీసుకుని మట్టి తుడిచింది.

"మా అన్న ఊదిండనుకున్న," అంది.